చిన్నీకి పెద్దమ్మ రాసేది

చిన్నీ,

నువ్వు తయారుచేసిన యాప్ స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా సర్వీసులో కస్టమర్ల అకౌంట్లలోకి వెళ్తోందని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. పడుకున్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

మానిఫెస్ట్, ప్యాకేజీ, వెర్షన్, ప్యాచ్, ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమల్లా కస్టమర్ అకౌంట్లో టేబుళ్లూ అవీ తయారుచేసే సెటప్ స్క్రిప్ట్ గురించే. అది ఇన్‌స్టాల్ చేసినప్పుడే కాదు, ప్రతి అప్‌గ్రేడ్‌కీ మళ్లీ నడుస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఫ్లాపీల కాలంలో, మా పక్క సీటాయన ఒక మందుల డీలర్ సాఫ్ట్‌వేర్‌కి అప్‌గ్రేడ్ రాశాడు. మంచి పనిమంతుడు. రేట్ల టేబుల్‌లో కాలమ్ ఒకటి చేర్చాలి, అంతే. ఉన్న టేబుల్‌ని డ్రాప్ చేసి, అంటే తీసేసి, మళ్లీ క్రియేట్ చేశాడు. మా మెషీన్లో ఆ టేబుల్ ఎప్పుడూ ఖాళీయే, తేడా ఎలా తెలుస్తుంది? విజయవాడ వెళ్లి రన్ చేశాడు. ఒక్క ఎర్రర్ రాలేదు. సోమవారం గుమస్తా స్క్రీన్ తెరిస్తే ఒక్క వరుస లేదు. ఏ షాపుకి ఎంత డిస్కౌంటో ఆ డీలర్ ఏళ్ల తరబడి ఎక్కించుకున్న లెక్క! బ్యాకప్ టేపు పాతది. మిగతాది బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ కొట్టారు. ఆ డీలర్ తిట్టలేదు. "తీసేముందు ఒక్క మాట అడగొచ్చు కదండీ" అన్నాడట.

అందుకే, కస్టమర్ డేటా ఉండే చోట నీ స్క్రిప్ట్‌లో 'క్రియేట్ ఆర్ రీప్లేస్ టేబుల్' కనిపించకూడదు, అదీ ఉన్న టేబుల్ తీసేసి కొత్తది పెట్టేదే. నా మీద ఒట్టు. టేబుల్ లేకపోతేనే తయారయ్యేలా 'ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్' పెట్టు, కొత్త కాలమ్ ఉన్న టేబుల్‌కే ఆల్టర్‌తో చేర్చు. ప్రొసీజర్లు, వ్యూలు వెర్షన్డ్ స్కీమాలో, అంటే ఏ వెర్షన్‌వి ఆ వెర్షన్‌కే విడిగా ఉండే చోట, ఉంచు. పాత వెర్షన్‌లో నడుస్తున్న పని అయ్యేదాకా ఆ వెర్షన్‌ని తీసెయ్యకుండా ఉంచుతుంది. కస్టమర్లు యాప్ వాడుకునే అప్లికేషన్ రోల్‌కి గ్రాంట్లు, అంటే అనుమతులు, మళ్లీ ఇవ్వడం మరిచిపోకు. అప్‌గ్రేడ్ మధ్యలో ఫెయిలైతే కోడ్ పాత వెర్షన్‌కి వెళ్తుంది కానీ, మామూలు టేబుళ్లకు చేసిన మార్పులు వెనక్కి రావు.

టెస్టింగ్ అంటే ఖాళీ అకౌంట్లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మురిసిపోవడం కాదమ్మా. పాత వెర్షన్ పెట్టి, డేటా ఎక్కించి, దాని మీద అప్‌గ్రేడ్ చెయ్యి. ఎవరికి ఏ వెర్షన్ వెళ్లాలో చెప్పే రిలీజ్ డైరెక్టివ్ మార్చాక అవతల ఎవరూ బటన్ నొక్కరు, స్నోఫ్లేకే అప్‌గ్రేడ్ చేసేస్తుంది. కాబట్టి ముందు కస్టమ్ డైరెక్టివ్‌తో ఒకరిద్దరికే పంపు, మిగతా అందరికీ వర్తించే డిఫాల్ట్ డైరెక్టివ్‌ని తర్వాత మార్చొచ్చు.

శుక్రవారం రాత్రి రిలీజ్ పెట్టుకోకు. అన్నం మానేసి కూర్చోకు, నీ సంగతి నాకు తెలియదా. మొదటి అప్‌గ్రేడ్ అవగానే ఏ వేళైనా ఫోన్ చెయ్యి. టేబుల్‌లో వరుసల లెక్క సరిపోయిందని చెప్పాకే మిగతా కబుర్లు.

మీ పెద్దమ్మ