బిరుదులు తీసేసి మీటర్లు రాయి

సుజాతా,

స్కీ జంపింగ్ క్రీడాకారిణి జొహాన్నె కోల్‌స్టాడ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మంచి మనిషిని ఎంచుకున్నావు, అందుకే ఇంత నిక్కచ్చిగా చెబుతున్నా. "ధీరవనిత", "ఉక్కు మహిళ", "చరిత్ర సృష్టించిన నారి" అంటూ మొదటి పేరాలోనే ఇన్ని బిరుదులిచ్చేశావు గానీ, ఆవిడ ఎంత దూరం దూకిందో చివరిదాకా చెప్పలేదు. 72 మీటర్లు! 1938లో, అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని బెర్లిన్ అనే ఊళ్ళో. సొంత దేశం నార్వేలో పోటీల్లోకి ఆడవాళ్ళను రానివ్వకపోతే, పోటీకి బయటే దూకిన మనిషి. ఇది ముందు పెట్టు, బిరుదులన్నీ కొట్టెయ్.

ఇంకోటి, మన పాఠకుల్లో చాలామంది ఈ ఆట చూసి ఉండరు. కాళ్ళకు స్కీలనే పొడుగాటి పలకలు తొడుక్కుని మంచు వాలు మీద వంగి జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర ఒక్కసారిగా గాల్లోకి లేచి, చేతిలో ఊతకర్రలు కూడా లేకుండా కింద ఏటవాలు మీద దిగాలి. చదును నేల మీద కాదు, అందుకే దిగేటప్పుడు దెబ్బ తగ్గుతుంది. ఈ ఏటవాలు సంగతి తప్పకుండా రాయి, ఎందుకంటే ఆడవాళ్ళను ఆపినవాళ్ళు ఆ దిగడాన్నే సాకుగా చూపించారు. 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పర్, ఇది రెండు మీటర్ల ఎత్తు నుంచి నేల మీదికి ఏడాదికి వెయ్యిసార్లు దూకడం లాంటిదనీ, వైద్యపరంగా ఆడవాళ్ళకు తగినది కాదనిపిస్తోందనీ అన్నాడు. ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో పౌలా లాంబెర్గ్ పొడుగు లంగాతోనే 22 మీటర్లు దూకింది 1911లో! ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, చదివేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది, నాకు మండింది.

నీ వ్యాసం 1938తో ఆగిపోవడం మాత్రం నాకు నచ్చలేదు, అక్కడితో అంతా గెలిచేసినట్టుంది. శీతాకాల ఒలింపిక్స్‌లో మగవాళ్ళు 1924 నుంచీ దూకుతున్నారు, ఆడవాళ్ళకు చోటు దొరికింది 2014లో, రష్యాలోని సోచిలో. మధ్యలో 2009లో, మరుసటి ఏడాది ఒలింపిక్స్ జరగబోయే కెనడాలో, తమనూ దూకనివ్వాలని కొందరు క్రీడాకారిణులు కోర్టుకెక్కారు. ఇది వివక్షేనని జడ్జి ఒప్పుకున్నారు, కానీ అక్కడి చట్టం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి వర్తించదన్నారు. ఆ కేసు వేసినవాళ్ళలో ఒకరైన లిండ్సే వాన్, 2010 ఒలింపిక్స్ కోసం కట్టిన విస్లర్ కొండ మీద అప్పటికే మగవాళ్ళనూ మించి 105.5 మీటర్లతో రికార్డు పెట్టుకుని ఉంది. అయినా ఆ ఆటల్లో ఆమెకు చోటు లేదు.

కథను సోచి దాకా తీసుకెళ్ళి మళ్ళీ పంపు. పొడుగైనా పర్వాలేదు, చదువుతాను.