ఫోర్ వీల్ పడని జీపు గురించి మేనల్లుడికి

చిన్నా,

పాత మహీంద్రా సీజే-3బి కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వానల్లోనే స్నేహితులను ఎక్కించుకుని మారేడుమిల్లి మీదుగా గుడిసె కొండకి వెళ్తావట. ఫోర్ వీల్, అంటే ముందు చక్రాలకి కూడా ఇంజిన్ లాగుడు అందించే ఏర్పాటు, మాత్రం పడటం లేదట. "దార్లో ఎవరికైనా చూపిస్తాలే" అన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. సంతోషం కూడా ఉందిరా, అది దాచను. మీ నాన్న తర్వాత మనింట్లో మళ్లీ ఒకడు జీపు కొన్నాడు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆ బండికి జాకీ పెట్టకు.

ఇప్పుడు బండి సంగతి. ఫోర్ వీల్ పడటం లేదనగానే చాలామంది ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేర్ బాక్సు వెనక ఉండి లాగుడును ముందు, వెనక యాక్సిళ్లకి పంచే బాక్సు, విప్పించేస్తారు. నువ్వు ఎవరినీ విప్పనివ్వకు. ఈ జీపుల్లో తేడా ఎక్కువగా బాక్సు బయటే ఉంటుంది. ముందు చక్రాల హబ్బులు చూడు. మధ్యలో తిప్పే గుండీ ఉంటే అవి తర్వాత ఎవరో వేయించిన ఫ్రీ వీల్ హబ్బులు, లాక్‌లో పెడితే చక్రాన్ని యాక్సిల్‌కి కలుపుతాయి, ఫ్రీలో పెడితే విడదీస్తాయి. రెండూ లాక్‌లో ఉండాలి. ఒక్కటే తిప్పి, రెండోది మర్చిపోయి, బురదలో గంటలకొద్దీ అవస్థ పడినవాళ్లను నేను చూశాను.

గుండీ తిరిగిందంటే లోపల పళ్లు కలిశాయని కాదు. పాత గ్రీజు గట్టిపడితే లోపలి ముక్క కదలదు. హబ్బు విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పలచగా పెట్టు. ఎక్కువ కూరితే మళ్లీ అదే రోగం.

తేడా హబ్బులోనా, బాక్సు వైపునా అన్నది తెలుసుకోవడం తేలిక. మట్టి నేల మీద హబ్బులు లాక్ చేసి, ఫోర్ వీల్ లివర్ వేసి, బండిని నెమ్మదిగా కదిలించు. బాక్సు నుంచి ముందు యాక్సిల్‌కి వెళ్లే షాఫ్టును ఒకరు పక్కన దూరంగా నిలబడి చూడాలి. ఇంజిన్ ఆడుతుండగా ఎవరూ కిందకి తల పెట్టకూడదు. అయితే హబ్బులు సరిగ్గా కలిసి ఉంటే చక్రాలే ఆ షాఫ్టును తిప్పుతాయి, కాబట్టి అది తిరిగినంత మాత్రాన సంబరపడకు. హబ్బులు ఫ్రీలో పెట్టి మళ్లీ చూడు. అప్పుడు కూడా తిరిగితే బాక్సు నుంచి లాగుడు వస్తోంది, తప్పు హబ్బులది. ఆగిపోతే తప్పు లివర్ల దగ్గరో, రాడ్ల దగ్గరో.

నా అనుమానం రాడ్ల మీదే. గేరు రాడ్డు పక్కన రెండు పొట్టి లివర్లున్నాయి కదా. ఒకటి ముందు చక్రాలకి, ఇంకోటి హై (మామూలు గేరు), లో (నెమ్మదిగా, ఎక్కువ లాగుడుతో నడిచే గేరు)కి. అవి కింద రెండు షిఫ్ట్ రాడ్లను జరుపుతాయి. ఆ రాడ్ల కొసలు బాక్సు బయటకే ఉంటాయి, బురదా నీళ్లూ నేరుగా వాటికే తగులుతాయి. వాడకుండా వదిలేసిన బండిలో తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, రాత్రంతా నాననివ్వు. లివర్లు తిరిగే పిన్నుకి కూడా అంతే. తర్వాత క్లచ్ తొక్కి, బండి నెమ్మదిగా కదులుతుండగా లివర్ వెయ్యి. పడకపోతే పైపు తొడిగి లాగకు, లోపల గేరును జరిపే ఫోర్కు వంగుతుంది. ఫోర్ వీల్ పడకుండా లో గేరు పడదు. అది తేడా కాదు, ఇంజిన్ లాగుడంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీద పడకుండా తయారుచేసినవాళ్లు పెట్టిన అడ్డు.

బాక్సులో 90 నంబరు గేర్ ఆయిల్ సరిపడా ఉందో చూసుకో.

ఇక జాకీ సంగతి. మీ నాన్న ఎడమ చూపుడువేలు వంకర చూశావు కదా. కబడ్డీలో విరిగిందని నీకు చెప్పి ఉంటాడు. కాదు.

అప్పుడు బావ ఒక వెదురు కూపు (అడవిలో వెదురు నరికే చోటు) కాంట్రాక్టరు దగ్గర జీపు నడిపేవాడు, నేను వెంట క్లీనరుగా ఉండేవాణ్ణి. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో వెనక టైరు పంక్చరయింది. ఏటవాలు రోడ్డు, సన్నగా వాన. హ్యాండ్ బ్రేకు లాగాడు, గేర్లో పెట్టాడు, జాకీ ఎత్తాడు. "రాళ్లు తెస్తాను బావా" అన్నాను. "గేర్లో ఉందిరా, ఎక్కడికి పోతుంది" అన్నాడు. చక్రం ఊడదీశాడో లేదో బండి మెల్లగా వెనక్కి కదిలింది. జాకీ ఒరిగింది. చక్రం వెనక ఉండే బ్రేకు డ్రమ్ము రోడ్డు మీద పడింది, దాని కింద బావ వేలు. మనిషి ఆ డ్రమ్ము కింద ఉండాల్సింది, జానెడు దూరంలో తప్పింది. జీపు కొండ వైపు కాలవలో దిగబడి ఆగింది. అవతలి వైపు లోయ.

ఎందుకలా జరిగిందో నాకు తర్వాత రాజమండ్రిలో ఒక ముసలి మేస్త్రి చెప్పాడు. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఒక్క డ్రమ్ము ఉంటుంది, అది వెనక షాఫ్టును పట్టుకుంటుంది. రెండు వెనక చక్రాలూ నేల మీదుంటే బండి కదలదు. ఒకటి గాల్లోకి లేచిందా, షాఫ్టు ఆగే ఉన్నా డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేరువేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక)లోంచి నేల మీది చక్రం ఒకవైపు, గాల్లోది ఎదురువైపు తిరుగుతాయి. గేరు పట్టుకునేదీ ఆ షాఫ్టునే, కాబట్టి గేరూ ఆపదు. ముందు చక్రాలు కూడా కలిసి ఉంటే అవి ఆపుతాయి. నీ బండిలో కలవనివి అవే. ఇప్పుడర్థమైందా నాకు నిద్ర ఎందుకు పట్టడం లేదో?

అందుకని వెనక చక్రం ఎత్తితే ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా చెక్క దిమ్మెలు కొట్టాలి. ముందు చక్రం ఎత్తితే వెనక వాటికి. చదును నేల అయినా సరే. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరకూడదు, స్టాండు ఉండాలి. బావ అమ్మమ్మకి కూడా నిజం చెప్పలేదు, చెబితే జీపు పని మాన్పించేసేది. నీకూ చెప్పి ఉండడు, నువ్వు భయపడతావని. భయపడాలిరా. కొంచెం భయమున్న డ్రైవరు చేతిలో బండి బాగుంటుంది.

ఇంకొకటి. ఫోర్ వీల్ పడ్డాక కూడా బురదలో ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం మాత్రమే తిరగొచ్చు. పట్టు లేని చక్రానికే తిరుగుడు పోతుంది. అది చూసి లివర్ పడలేదనుకుని బలంగా కుదపకు. తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ తీసెయ్యి. లివర్ బిగుసుకుని రాకపోతే కొంచెం రివర్స్ చేస్తే వదులవుతుంది. టైర్లు నాలుగూ ఒకే సైజు అయ్యుండాలి.

రాజమండ్రి నుంచి రంపచోడవరం దాకా టూ వీల్ చాలు. వచ్చే ఆదివారం బండి మా ఇంటికి తీసుకురా, స్నేహితులను తర్వాత ఎక్కించుకోవచ్చు. దిమ్మెలు, స్టాండ్లు నా దగ్గరున్నాయి. హబ్బులు రెండింటికీ దగ్గరగా ఫోటోలు తీసి రేపే పంపు, విప్పితే గ్యాస్కెట్లు పనికిరావు, ముందే తెప్పించి పెడతాను. అత్తయ్య నీకని ఆవకాయ తీసి ఉంచింది.

మీ మామయ్య