పాప్ చేశాక ముట్టుకోకు

చిట్టీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. ఎప్పుడూ ఏం వండావు, మోకాలు ఎలా ఉంది అని మొదలుపెట్టే మనిషి, హలో కూడా అనకుండా "నీ కూతురు ఉద్యోగం మానేసింది" అంది. మామూలు రోజుల్లో నువ్వు దాని కూతురివే. ఏదైనా తిక్కపని చేసిన రోజు మాత్రం నా కూతురివి అయిపోతావు. "చెరువు గట్టు మీద ఏదో డబ్బా పెడుతుందట, అందులో లువా పోస్తుందట, అదేంటే, పురుగుమందా?" అని అడిగింది. పోర్చుగీసులో చంద్రుడు అని చెప్పాను. అది విని ఇంకా కంగారు పడింది.

ఫోన్ పెట్టేశాక నువ్వు పంపిన పీడీఎఫ్ రెండుసార్లు చదివాను. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, చూసి ఏరేటర్లు (నీళ్లకు గాలి కొట్టే మోటార్లు) వేసి ఆపే పెట్టె. లోపల సీ భాషలో ప్రోగ్రామ్, దాని కడుపులో లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష. ఏ చెరువుకు ఏ రూలో లువాలో రాసి, కంపైల్ చేసి, బైట్‌కోడ్, అంటే లువా నేరుగా నడిపే రూపం, మాత్రం పెట్టెలకు పంపుతావన్నమాట. గర్వంగా అనిపించింది. అక్కతో ఆ మాట అనలేదులే, అంటే నన్ను కూడా కలిపి తిట్టేది. భయం కూడా వేసింది. పదకొండేళ్లు నేను చేసింది ఇదే పని. నీవి రొయ్యలు, నావి పాలు, అంతే తేడా.

చిన్నవి ముందు చెప్పేస్తాను, వీటికి నిజానికి నీకు నేను అక్కర్లేదు. చెరువుకో లువా స్టేట్, అంటే విడిగా నడిచే లువా, పెట్టు, ఒకదాని గొడవ ఇంకోదానికి అంటదు. ఒకే స్టేట్‌ను రెండు థ్రెడ్లతో ఒకేసారి ముట్టుకోకు. ఓపెన్‌లిబ్స్ అని ఒక్క వేటుకు లైబ్రరీలన్నీ తెరిచేయకు. ఓఎస్ లైబ్రరీలో ఎగ్జిట్ ఉంటుంది, స్క్రిప్ట్‌లో ఎవరైనా దాన్ని పిలిచారంటే నీ ప్రోగ్రామ్ మొత్తం పోతుంది. స్క్రిప్ట్‌ను పిలిస్తే పీకాల్‌తోనే, అంటే ఎర్రర్ వస్తే పట్టుకునే పిలుపుతోనే, పిలువు. ఉత్త కాల్‌తో పిలిచినప్పుడు ఎర్రర్ వచ్చిందా, పట్టుకునేవాళ్లు లేక పానిక్‌లోకి పోయి హోస్ట్‌ను, అంటే నీ సీ ప్రోగ్రామ్‌ను, కూడా తీసుకుపోతుంది. పీకాల్‌కు ట్రేస్‌బ్యాక్, అంటే ఎర్రర్ ఏ దారిన వచ్చిందో, చెప్పే హ్యాండ్లర్ తగిలించు. సీ, లువా విలువలు ఇచ్చిపుచ్చుకునే దొంతర ఉందే, ఆ స్టాక్ మీద ఎన్ని పెట్టావో అన్ని తీశావా లేదా, ప్రతి ఫంక్షన్ చివర గెట్‌టాప్‌తో లెక్క చూసుకో.

బైట్‌కోడ్ గురించి "కంపైల్ చేస్తే వేగం, పైగా రూల్స్ ఎవరికీ కనపడవు" అని రాశావు. రెండూ సగం సగమే తల్లీ. వేగం లోడ్ అయ్యేటప్పుడే, రాసింది చదివి విడగొట్టుకునే (పార్స్) పని తప్పుతుంది కాబట్టి. ఆ తర్వాత తేడా ఏమీ ఉండదు. నువ్వు టెక్స్ట్ ఇచ్చినా లువా దాన్ని ముందు బైట్‌కోడ్‌గా మార్చుకునే నడుపుతుంది. దాచడం సంగతంటావా, కంపైల్ చేసిన ఫైల్‌ను ఒకసారి ఎడిటర్‌లో తెరిచి చూడు. నీ స్ట్రింగులు, గ్లోబల్ పేర్లు పొల్లు పోకుండా కనపడతాయి. తిరిగి సోర్సుగా మార్చే పనిముట్లు కూడా ఉన్నాయి. తలుపు దగ్గరగా వేశావు కానీ గడియ పెట్టలేదు.

ఆ ఫైల్ మొదట్లో ఒక ఎస్కేప్ బైటు, వెనకే లువా అన్న పేరు మూడు అక్షరాలు, తర్వాత వెర్షన్ బైటు ఉంటాయి. 5.1 అయితే హెక్స్‌లో 51, 5.4 అయితే 54. 5.1లో ఆ వెనకే బైట్ల వరస, ఇంట్, సైజ్‌టీ అనే అంకెల రకాలు ఎన్నేసి బైట్లు అని రాసి ఉంటుంది, ఈ తలభాగాన్నే హెడర్ అంటారు, మొత్తం 12 బైట్లు. నీ ల్యాప్‌టాప్ 64 బిట్, పెట్టెలో చిప్ 32 బిట్ అయితే ఇక్కడ సైజ్‌టీ 8, అక్కడ 4. పెట్టె "బ్యాడ్ హెడర్" అని తిప్పికొడుతుంది. మా ఆఫీసులో కంప్యూటర్లు మార్చిన వారం మేమూ ఈ గోతిలోనే పడ్డాం. ఆ సోమవారం ఏ కేంద్రానికీ కొత్త రేటు వెళ్లలేదు, పాతది నడిచింది కాబట్టి బతికాం. పెట్టెలో ఏ లువా ఉందో సరిగ్గా దానికోసం కట్టిన లువాక్‌తోనే, అంటే లువా కంపైలర్‌తోనే, కంపైల్ చెయ్యి.

హెడర్ సరిపోయిందంటే లోపలున్నది లువా నమ్మేస్తుంది. బైట్‌కోడ్‌ను సరిచూసే వెరిఫయర్ 5.1లో ఉండేది, 5.2లో తీసేశారు. కావాలని చెడగొట్టిన బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్‌ను కూల్చగలదని మాన్యువల్లోనే హెచ్చరిక ఉంది. కాబట్టి సిమ్ మీద వచ్చే ప్రతి ఫైల్‌కూ నీ డిజిటల్ సంతకం ఉండాలి, పెట్టె అది చూశాకే లోడ్ చెయ్యాలి. రేపు రైతు కొడుకెవరో తన రూల్ తానే రాసుకుంటానంటే టెక్స్ట్‌గానే తీసుకో. లోడ్ చేసేటప్పుడు మోడ్ దగ్గర "టీ" అని ఇస్తే బైట్‌కోడ్‌ను లోపలికి రానివ్వదు. 5.2 నుంచి ఆ సదుపాయం ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. అక్కకు కూడా పూర్తిగా తెలియదు.

2009లో మేం పాలకేంద్రాల్లో పెట్టే మిషన్లు చేసేవాళ్లం. పాలు పోసే మనిషి తన నంబర్ చెప్తుంది, శాంపిల్ తీస్తారు, ఫ్యాట్ వస్తుంది, తూకం వస్తుంది, రేటు కట్టి స్లిప్పు కొడుతుంది. రేటు చార్ట్ మాటిమాటికీ మారేది కాబట్టి దాన్ని సీలో రాయకుండా లువా 5.1లో పెట్టాం. ఆ ఎంపిక నాదే, ఇప్పటికీ మంచిదే అంటాను. ఇంకొకరి ప్రోగ్రామ్‌లో కాపురం ఉండడానికే పుట్టిన భాష అది. 1993లో రియోలోని కాథలిక్ యూనివర్సిటీలో ముగ్గురు కలిసి పెట్రోబ్రాస్ చమురు ఇంజనీర్ల అవసరం కోసం చేశారు. అంతకుముందు సోల్ అని ఒకటి చేశారు, అంటే సూర్యుడు. అందుకే దీనికి చంద్రుడి పేరు. సరే, పక్కకు పోతున్నాను.

స్క్రిప్టులు రాసేది మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి. వాటిని పిలిచే సీ కోడ్ నాది. నంబర్ ఇస్తే స్క్రిప్ట్ మనిషి పేరు తిరిగిచ్చేది: ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, పేరు, అన్నీ అప్పటికప్పుడు అతికించి. నేను టుస్ట్రింగ్‌తో ఆ పేరుకు పాయింటర్, అంటే మెమరీలో అదున్న చోటు, తీసుకుని, వెంటనే పేరును స్టాక్ మీద నుంచి పాప్ చేసేదాన్ని, అంటే తీసేసేదాన్ని. శుభ్రంగా ఉండాలని నా చాదస్తం. తర్వాత రేటు ఫంక్షన్‌ను పిలిచి, చివర్లో ఆ పాయింటర్‌తో స్లిప్పు మీద పేరు కొట్టేదాన్ని. ఏడాది పైన నడిచింది, ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ తర్వాత వచ్చిన దసరా ముందు బోనస్ వచ్చింది. రోజూ పాలు పోసినవాళ్లకు లీటర్‌కు కొంత ఎక్కువ. ఆ అబ్బాయి రేటు ఫంక్షన్‌లో ఒక లూప్ పెట్టాడు. సభ్యులందరి పేర్లూ అదే పద్ధతిలో అతికిస్తూ లిస్టంతా తిరుగుతుంది. కంపైల్ చేశాం, మైనస్ ఎస్ కొట్టి డీబగ్ సమాచారమంతా ఊడ్చేశాం, పంపాం. వారానికి నల్గొండ జిల్లాలో ఒక ఊరి నుంచి కబురు: ఒకరి స్లిప్పు మీద ఇంకొకరి పేరు వస్తోంది.

నేనేం చేశానో తెలుసా? మారింది స్క్రిప్ట్ కాబట్టి తప్పు స్క్రిప్ట్‌లోనే అనుకున్నాను. అందరి ముందూ ఆ అబ్బాయిని నిలబెట్టి, "ఊళ్లో జనం డబ్బులతో ఆడుకుంటున్నావా" అన్నాను. వాడు తలొంచుకుని "లేదు మేడమ్, మళ్లీ చూస్తాను" అన్నాడు. మూడు రోజులు చూశాడు, రాత్రిళ్లు కూడా. ఆఫీసులో వాడి స్క్రిప్ట్ ఎన్నిసార్లు నడిపినా పేరు సరిగ్గానే వచ్చేది. మిషన్‌లో ఉన్న కాపీలో లైను నంబర్లు కూడా లేవు, తప్పు వస్తే ప్రశ్నార్థకం, కోలన్, సున్నా, అంతే చూపించేది. ఎక్కడని వెతుకుతాడు?

చివరికి నేనే ఆ ఊరు వెళ్లాను. పొద్దున్న ఆరింటికి కేంద్రం ముందు క్యాన్లు, చలి. ఒక ముసలామె చెంగు ముడి విప్పి నాలుగు మడతల స్లిప్పులు మూడు తీసింది. ఆమెకు చదువు రాదు. మూడు రోజులుగా తీసుకెళ్తూనే ఉంది, మనవరాలు చదివి చెప్తేనే తెలిసిందట. "ఇది నా పేరు గాదంట బిడ్డా, పాలు నావేనా, ఆమెవా?" అని అడిగింది. నిజానికి డబ్బుకేమీ కాలేదు. ఖాతాలో రాసేది నంబర్‌తో, ఆ నంబర్ నా సీ కోడ్‌లో క్షేమంగానే ఉంది. కానీ అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఊళ్లో అప్పటికే కేంద్రం సెక్రటరీ తినేస్తున్నాడని మాట పుట్టింది. ఆ మనిషి నాకు టీ తెప్పించాడు కానీ నా ముఖం చూడలేదు.

అరుగు మీద కూర్చుని తప్పు స్లిప్పులన్నీ పరిచాను. అక్కడ తట్టింది. తప్పు పేరు వరసలో ముందు నిలబడ్డ మనిషిది ఒక్కసారి కూడా కాదు. పొట్టి పేరుకు బదులు పొట్టి పేరే వచ్చింది, పొడుగు పేరుకు పొడుగు పేరే. ఖాళీ అయిన గదిలోకి అదే కొలత మనిషి దిగినట్టు. ఒళ్లు చల్లబడింది.

నేను పాప్ చేసిన క్షణం నుంచి ఆ పేరు లువా లెక్కలో ఎవరికీ చెందదు. అప్పటికప్పుడు అతికించిన స్ట్రింగ్ కదా, ఏ టేబుల్లోనూ లేదు. పాత స్క్రిప్ట్‌లో రెండు పిలుపుల మధ్య చెత్త తక్కువ, ఎవరికీ చెందని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ అంతలోకి చుట్టూ తిరిగి వచ్చేది కాదు. బోనస్ లూప్ బోలెడు చెత్త పోసింది, కలెక్టర్ వచ్చి నా పేరును ఊడ్చేసింది, అదే చోట అదే సైజులో ఇంకొకరి పేరు కూర్చుంది. నా పాయింటర్ మాత్రం ఆ గడపనే పట్టుకుని ఉంది. ఆఫీసులో ఆ అబ్బాయి టెస్టు ప్రోగ్రామ్‌లో పేరు ముందే ప్రింట్ చేసేవాడు, అందుకే అక్కడ రాలేదు. స్టాక్ మీద నుంచి తీసేశాక ఆ పాయింటర్ చెల్లుతుందని నమ్మకం లేదని మాన్యువల్లో ఉంది. నేను చదివాను కూడా, పెన్సిల్ గీతతో సహా.

బాగు చేయడానికి రెండు లైన్లు పట్టింది: 40 అక్షరాల సొంత బఫర్‌లోకి కాపీ, ఆ తర్వాత పాప్. వెనక్కి వచ్చాక ఆ అబ్బాయికి సారీ చెప్పాను, కానీ గదిలో, తలుపు వేసి. తిట్టింది అందరి ముందు. వాడు ఆ వేసవిలో వేరే చోటికి వెళ్లిపోయాడు. ఆ స్లిప్పు ఒకటి నా డైరీలో ఇంకా ఉంది, థర్మల్ కాగితం కదా, అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్ల ముక్క మిగిలింది.

అందుకే నీ పీడీఎఫ్‌లో చెరువు పేరును టుస్ట్రింగ్‌తో తీసి స్ట్రక్ట్‌లో దాచుకునే చోట ఎర్రగా గీశాను. చెరువు పేరు మారితే ఏ చెరువు ఏరేటర్ ఆగుతుందో ఆలోచించు. ఆ లైను ఈ రాత్రికే మార్చు. లువా ఫంక్షన్‌నో టేబుల్‌నో దగ్గర పెట్టుకోవాలంటే లువా లోపలి పట్టిక అయిన రిజిస్ట్రీలో రెఫ్ వేసి, అదిచ్చే అంకె దాచుకో, పని అయ్యాక అన్‌రెఫ్ చెయ్యి. మైనస్ ఎస్ కొట్టకు, నాలుగు కిలోబైట్లు మిగుల్చుకుని ఏం చేస్తావు? కొట్టి తీరాలంటే, కొట్టనిది అదే వెర్షన్ నంబర్‌తో నీ దగ్గర భద్రంగా పెట్టుకో.

ఇంకొకటి. చెరువులో డీవో పడిపోయేది తెల్లవారుజామున. రాత్రంతా ఎండ లేక నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు సరికదా, రొయ్యలతో పాటు అదీ పీలుస్తుంది. నీ స్క్రిప్ట్ మూడింటికి ఆగని వైల్ లూప్‌లో ఇరుక్కుందనుకో, పీకాల్ ఏమీ చేయలేదు, అది ఎర్రర్ కాదుగా. ఇన్ని వేల ఇన్‌స్ట్రక్షన్లకు ఒకసారి పిలిచేలా కౌంట్ హుక్ పెట్టి, గడువు దాటితే అందులోంచి ఎర్రర్ వెయ్యి. స్క్రిప్ట్ తన సొంత పీకాల్‌లో ఆ ఎర్రర్‌ను మింగేయగలదు, కాబట్టి స్క్రిప్టులకు పీకాల్ ఇవ్వకు. సీ ఫంక్షన్ లోపల ఇరుక్కుంటే హుక్ కూడా పని చేయదు, అందుకే బోర్డు మీద వాచ్‌డాగ్, అంటే ప్రోగ్రామ్ బిగుసుకుంటే తిరిగి మొదలెట్టేది, ఉండాలి. మెమరీకి, దాన్ని పంచే నీ సొంత అలొకేటర్‌తో హద్దు పెట్టు. ఇవన్నీ తప్పినా, స్క్రిప్ట్ నుంచి జవాబు రాలేదంటే సీ కోడ్ సొంతంగా ఏరేటర్లు వేసేయాలి. రైతుకు కరెంటు బిల్లు పెరిగితే నిన్ను తిడతాడు, ఫర్వాలేదు. తెల్లారేసరికి రొయ్యలు తేలితే ఏమంటాడో నేను రాయలేను.

రాత్రి రెండింటికి నువ్వొక్కదానివే గట్ల మీద తిరగకు. మోటార్ల దగ్గర తడి చేతులతో వైర్లు ముట్టుకోకు. ఇది లువాకు సంబంధించింది కాదు, అయినా వినాలి. నీకోసం స్క్రిప్టులు రాసే పిల్ల ఎవరో చేరిందన్నావు, ఏదైనా చెడితే ముందు నీ సీ కోడ్ తెరువు.

అక్కకు నేను సర్దిచెప్తాను, పది రోజులు టైమివ్వు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, మీ నాన్న నిద్రపోయాక. పెట్టెలో ఏ వెర్షన్ లువా పెట్టావో పీడీఎఫ్‌లో ఎక్కడా రాయలేదు, ముందు అది చెప్పు.

నీ పిన్ని