ఆ తొట్టిమంచం దింపొద్దు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాన్న పడుకున్న తొట్టిమంచం అటక మీంచి దింపించి రంగు వేయిస్తాం నానమ్మా" అన్నావు చూడు, సంతోషమూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఏమనాలో తోచక, పొయ్యి మీద ఏదో మాడిపోతోందని పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

అది దింపొద్దు. ఎందుకో చెప్పడానికి కాస్త ధైర్యం కూడదీసుకోవాలి. ఈలోపు మిగతావి చెప్పేస్తాను.

మంచం కొత్తది కొనండి. కటకటాల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. కూల్‌డ్రింకు డబ్బా అందులోంచి దూరితే ఆ మంచం వద్దు. పరుపు గట్టిగా ఉండాలి, పరుపుకీ మంచం అంచుకీ మధ్య రెండు వేళ్లకు మించి పట్టకూడదు. పైన బిగుతుగా పరిచిన దుప్పటి ఒక్కటే. దిండు, బొంత, బొమ్మలు, చుట్టూ కట్టే మెత్తలు ఏవీ వద్దు. ఆ మెత్తల అమ్మకాన్ని అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ ఆపారు. నువ్వు పంపిన కుందేలు దిండు ఫొటో చూశాను. ముద్దుగానే ఉంది, నీ కుర్చీలో నడుముకు పెట్టుకో.

బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టు. బోర్లా పడుకోబెట్టమని తల్లులకు ఒకప్పుడు మా నర్సులమే చెప్పేవాళ్లం. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం అది తప్పని చెప్పింది. ఆ తర్వాత పదేళ్లలో అక్కడ నిద్రలో పోయే పసివాళ్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. వార్డులో ఎంతమందిని నా చేతులతో బోర్లా తిప్పానో లెక్కలేదు.

సొరుగుల బల్ల, బీరువా గోడకు బిగించండి. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. "ఇంకా పుట్టనే లేదుగా" అంటాడు మీ ఆయన. పుట్టాక మీకు నిద్రే ఉండదు, ఇక డ్రిల్లు పట్టేదెవరు? కిటికీ తెరల తాళ్లు మంచానికి అందకూడదు. చక్రాల వాకరు ఎవరిచ్చినా పక్కన పెట్టెయ్. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మనివ్వడం లేదు.

ఇక అసలు సంగతి.

మీ నాన్నకి అప్పుడు ఎనిమిదో నెల. ఆ మంచం ఎవరో వాడి ఇచ్చింది. ఒకవైపు కటకటాలు కిందికి జారేవి, నడుం వంచకుండా బిడ్డను ఎత్తుకోవచ్చని తెగ మురిసిపోయాను. ఇల్లు మారినప్పుడు విప్పి బిగిస్తే ఒక బోల్టు తక్కువైంది. రేపు తెస్తానన్నారు మీ తాతగారు. నేను ఆగలేదు. ఇనుప తీగ నాలుగు చుట్లు తిప్పి బిగించి, ఊపి చూశాను. కదల్లేదు. వార్డులో ఒక్క మంచం కిర్రుమన్నా ఊరుకోని మనిషిని, ఇంట్లో తీగతో సరిపెట్టాను. ఆ రేపు రెండు నెలలైనా రాలేదు.

ఒక మధ్యాహ్నం పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నాను. వాడు లేచి కటకటాలు పట్టుకుని ఊపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆగిపోయింది. మళ్లీ పడుకున్నాడనుకుని ఇంకో రెండు చొక్కాలు మడతపెట్టాను. ఆ రెండు చొక్కాలు ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదే తల్లీ.

వెళ్లి చూస్తే, తీగ కట్టిన మూల ఊడి కటకటాలు బయటికి ఒరిగాయి. ఆ సందులోకి కాళ్లనుంచి జారి, గడ్డం దగ్గర ఇరుక్కుపోయాడు. ముఖం పరుపుకు అదుముకుని ఉంది. ఏడుద్దామన్నా ఊపిరి లేదు. కటకటాలు మోకాలితో తోసి పైకి లాగాను. పెదాలు నీలంగా ఉన్నాయి. వీపు రుద్దుతుంటే ఏడ్చాడు. కాసేపటికి వాడు ఆపాడు, నేను ఆపలేకపోయాను.

తాతగారికి చెప్పలేదు. వాడికి ఆ మంచం నచ్చట్లేదని చెప్పి విప్పేశాను. పారేస్తే ఎందుకని అడుగుతారని అటకెక్కించాను. ముచ్చటకొద్దీ దాచుకున్నానని మీరంతా అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. అలా జారే కటకటాల మంచాలను అమెరికాలో 2011 జూన్ నుంచి అమ్మనివ్వడం లేదు. సరిగ్గా అలాంటి సందుల్లోనే పిల్లలు పోయారు.

రంగు వేస్తే పోతుందనుకోకు. కింద పాత రంగులో సీసం ఉండొచ్చు, పళ్లొచ్చే పిల్ల ఆ అంచే కొరుకుతుంది. కొత్త మంచానికైనా నెలకోసారి బోల్టులన్నీ చేత్తో తడిమి చూడు. ఒకటి పోతే కంపెనీ ఇచ్చేదే వేయాలి. అది వచ్చేదాకా బిడ్డ ఆ మంచం ఎక్కకూడదు. కూర్చోవడం రాగానే పరుపు కింది మెట్టుకు దించు.

ఈ ఆదివారం రా. కటకటాలు విరిచి పడేద్దాం, ఎవరూ ఏరుకెళ్లి వాడకుండా. ఆ తీగ ఇంకా దానికే ఉంది, కటింగ్ ప్లేయరు తెచ్చుకో, నా వేళ్లలో అంత బలం లేదు. నాన్ననీ వెంటబెట్టుకురా. వాడికి నేనే చెప్పాలి.

నానమ్మ