టెక్ సందేహాలు: గ్రీన్ కార్డు ఫైలుకు వాట్సాప్ చాట్లు, పెళ్లి ఫొటోలు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి. అమెరికాలో ఉన్న భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లడానికి గ్రీన్ కార్డు ఫైలు తయారు చేసుకుంటున్నారు. పెళ్లి నిజమైనదేనని చూపించే రుజువులన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిని ఎలా బయటికి తీయాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. అందుకే ఈసారి ఇయర్‌బడ్స్, ప్రింటర్ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను.

కూకట్‌పల్లి నుంచి: మా ఆవిడ అమెరికా సిటిజన్. పెళ్లయి పద్నాలుగు నెలలు. తను నా కోసం ఐ-130 పిటిషన్ (గ్రీన్ కార్డు కోసం భర్త, భార్య లాంటి దగ్గరి బంధువు తరఫున ముందుగా వేసేది) వేస్తోంది. మూడేళ్ల వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి పెట్టాలా? ఎక్స్‌పోర్ట్ చేస్తే పాత మెసేజ్‌లు రావడం లేదు.

మొత్తం అక్కర్లేదు. వేల పేజీలు పెడితే అందులో పనికొచ్చే పది పేజీలు కూడా మునిగిపోతాయి.

ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. మ్యారేజ్ సర్టిఫికెట్‌తో పెళ్లి జరిగిందని తేలుతుంది, అంతే. అది కాపురం కోసం చేసుకున్న పెళ్లా, వీసా కోసం చేసుకున్నదా అన్నది వేరే ప్రశ్న. అధికారి చూసేది దాన్నే. ఐ-130 సూచనల్లో ఇద్దరి పేరున ఉన్న ఆస్తి, ఇద్దరూ ఉంటున్న ఇంటి అద్దె అగ్రిమెంట్, కలిపి నడుపుకునే డబ్బు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మీ సంసారం గురించి స్వయంగా తెలిసినవాళ్ల అఫిడవిట్లు అని ఉంటుంది. మీలా ఒకరిక్కడ, ఒకరక్కడ ఉన్న జంట దగ్గర వీటిలో సగం ఉండవు. అందుకే చాట్లు, కాల్స్, ప్రయాణాలు, పంపుకున్న డబ్బు మీకు మరింత ముఖ్యం.

ఇక ఎక్స్‌పోర్ట్ సంగతి. వాట్సాప్ మీడియా లేకుండా సుమారు 40,000 మెసేజ్‌లు, మీడియాతో అయితే సుమారు 10,000 మాత్రమే ఇస్తుంది. అవి కూడా తాజావే. రోజూ మాట్లాడుకునేవాళ్లకు మూడేళ్ల చాట్ ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. మీ ఫోన్ తప్పేమీ లేదు. కొందరికి ఎక్స్‌పోర్ట్ అసలు పనే చేయదు. వాళ్లు చాట్ సెట్టింగ్స్‌లో ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ ఆన్‌లో ఉందేమో చూడాలి. 2025లో వచ్చిన ఈ సెట్టింగ్ ఎక్స్‌పోర్ట్‌ను ఆపేస్తుంది.

మీరు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. చాట్‌లో సెర్చ్ నొక్కితే క్యాలెండర్ గుర్తు వస్తుంది, దాంతో కావాల్సిన తేదీకి నేరుగా వెళ్లవచ్చు. పరిచయమైన కొత్తలో, నిశ్చితార్థం అప్పుడు, పెళ్లి పనుల్లో, తను విమానం ఎక్కిన రోజు, ఆ తర్వాత రెండు నెలలకోసారి రెండు మూడు పేజీలు. ప్రతి స్క్రీన్‌షాట్‌లో మెసేజ్‌ల మధ్య తేదీ చూపించే చిన్న పట్టీ కనిపించాలి. నిన్నటి చాట్‌ను ఇవాళ తీస్తే అక్కడ తేదీ బదులు ‘నిన్న’ అని పడుతుంది, ఆరు నెలల తర్వాత చూసేవాళ్లకు అది ఏ రోజో తెలియదు. తాజా చాట్ కావాలంటే ఒక వారం ఆగి తీయండి. ఆమె పేరు ‘బంగారం’ అని సేవ్ చేసుకుని ఉంటే, నంబర్ కనిపించే కాంటాక్ట్ పేజీని మొదటి పేజీగా పెట్టండి. కాల్స్ జాబితా కూడా ఇలాగే అప్పుడప్పుడు తీసి ఉంచండి.

ఏ మాటలు ఎంచుకోవాలో చాలామంది తికమక పడుతున్నారు. ప్రేమ కబుర్లు, గుండె బొమ్మలు ఏరి పెడుతున్నారు. అవి మీ ఇద్దరివి, ఎవరికీ చూపించక్కర్లేదు. ‘అత్తయ్య షుగర్ రిపోర్ట్ వచ్చిందా’, ‘కరెంటు బిల్లు కట్టావా’, ‘మీ తమ్ముడి ఫీజు ఎప్పటిలోగా కట్టాలి’ లాంటి మాటలు చూడండి. వీసా కోసం పెళ్లి చేసుకున్నవాళ్లకు ఇలాంటివి మూడేళ్ల పాటు మాట్లాడుకునే ఓపిక ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి: పెళ్లి 2023లో అయింది. ఫొటోలు మా తమ్ముడు పోయిన నెల వాట్సాప్‌లో పంపాడు. ఫోన్‌లో తేదీ పోయిన నెలదే చూపిస్తోంది. తేదీ మార్చే యాప్ వాడవచ్చా?

దయచేసి ఆ పని చేయకండి.

ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎప్పుడు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారు అన్న సమాచారం దాగి ఉంటుంది. ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని తీసేస్తుంది, హెచ్‌డీలో పంపినా అంతే. ఫైలు పేరులో కనిపించే తేదీ కూడా ఫొటో మీకు చేరిన రోజుదే. మీ తమ్ముడి ఫోన్‌లో అసలు ఫొటో ఇంకా ఉంటే దాన్ని ‘డాక్యుమెంట్’గా పంపమనండి. అప్పుడు సమాచారం చెక్కుచెదరకుండా వస్తుంది. అసలుది దొరక్కపోతే ఉన్నదే పెట్టి, కింద తేదీ, ఊరు, ఫొటోలో ఎవరెవరున్నారో రాయండి. తేదీ లేని ఫొటో తప్పు కాదు. తేదీ మార్చిన ఫొటో తప్పు. అది బయటపడితే మిగతా నిజమైన ఫొటోలను కూడా నమ్మరు. అమెరికా చట్టంలో వలస నిబంధనలు తప్పించుకోవడానికి చేసుకునే దొంగ పెళ్లికి ఐదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. అలాంటి పెళ్లి అని తేలితే తర్వాత నిజమైన పెళ్లి చేసుకున్నా ఆ మనిషి కోసం వేసే పిటిషన్‌ను ఆమోదించరు. నిజంగా పెళ్లి చేసుకున్న మీరు అలాంటి అనుమానానికి చోటివ్వడం దేనికి?

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కరిజ్మా ఆల్బమ్‌లో డిజైనర్ వధూవరులను ఏ మంచు కొండల ముందో, ఏ రాజమహల్ ముందో నిలబెడతాడు. ఇంట్లో చూసుకోవడానికి ముచ్చటగానే ఉంటుంది, ఫైలులో మాత్రం పెట్టకండి. ఫొటోగ్రాఫర్ దగ్గర డిజైన్ చేయకముందు ఫొటోలు ఉంటాయి. వాటిని పెన్ డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. ఆలస్యం చేస్తే తర్వాతి సీజన్ పెళ్లిళ్ల కోసం చెరిపేస్తారు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఒక్కొక్కటి చాలు. రెండు వైపుల పెద్దవాళ్లూ కనిపించే ఫొటోలు తప్పకుండా ఉండాలి. ఫొటోలోంచి మనుషులను మాయం చేసే, ముఖాలు నున్నగా చేసే ఏఐ సౌకర్యాల జోలికి అసలు వెళ్లకండి. పెళ్లి తర్వాత ఫొటోలు కూడా కలపండి: పండక్కి అత్తారింట్లో, బోనాలప్పుడు, శంషాబాద్‌లో వీడ్కోలు చెప్పినప్పుడు తీసుకున్నవి. ఒక్క రోజు ఫొటోలు వంద పెట్టడం కన్నా పది వేర్వేరు సందర్భాల్లో తీసినవి పది పెట్టడం మేలు.

మెహదీపట్నం నుంచి: బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆధార్ అప్‌లోడ్ చేయడం కుదరడం లేదు. ఫైళ్లు కూడా పెద్దవిగా ఉన్నాయి.

మీ పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ సైట్ పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు తీసుకోదు. కంప్యూటర్‌లో క్రోమ్‌తో ఫైల్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకోండి. కొత్త ఫైలుకు పాస్‌వర్డ్ ఉండదు. ఆధార్ అయితే మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, వాటి పక్కన పుట్టిన సంవత్సరం, అదే పాస్‌వర్డ్.

ఆ సైట్‌లో ఒక్కో ఫైలు 12 ఎంబీ దాటకూడదు. జేపీజీ, పీడీఎఫ్, టిఫ్ మాత్రమే తీసుకుంటుంది. ఐఫోన్ ఫొటోలు సాధారణంగా హెచ్‌ఈఐసీ అనే వేరే ఫార్మాట్‌లో ఉంటాయి, జేపీజీగా మార్చాల్సిందే. ఫైలు పేరు ఇంగ్లిష్‌లోనే పెట్టండి, తెలుగు అక్షరాలు ఉంటే తీసుకోదు.

సైజు తగ్గించడానికి గూగుల్‌లో మొదట కనిపించిన ఏదో ఒక వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు, బ్యాంక్ కాగితాలు ఎక్కించకండి. అవి ఎవరి కంప్యూటర్‌లోకి వెళ్తున్నాయో మీకు తెలియదు. కాగితాలు స్కాన్ చేసుకోవడానికి గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్, ఐఫోన్‌లో నోట్స్ చాలు. ఫైళ్లు కలపడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉచితం, నెట్ లేకుండానే మీ కంప్యూటర్‌లో పనిచేస్తుంది.

ఉప్పల్ నుంచి: మా చాట్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. గూగుల్ ట్రాన్స్‌లేట్ సరిపోతుందా?

సరిపోదు. ‘తిన్నావా’ అని ఏ అక్షరాల్లో రాసినా అది తెలుగే కాబట్టి పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. అనువదించినవారు అది పూర్తిగా, సరిగ్గా ఉందని, రెండు భాషలూ తమకు వచ్చని రాసి సంతకం పెట్టాలి. యాప్ సంతకం పెట్టలేదు. ‘మామ’ని స్నేహితుడిని పిలిచిన పిలుపుగా కాక మామగారిగా మార్చేస్తే కొత్త తలనొప్పి. రెండు భాషలూ బాగా వచ్చిన స్నేహితులెవరైనా చేయవచ్చు. దంపతులే చేయకుండా ఉంటే మంచిది. పేజీలు తక్కువ ఎంచుకోమనడానికి ఇదీ ఒక కారణం.

అల్వాల్ నుంచి: వచ్చే నెల కొత్త ఫోన్ కొంటున్నాను. వీసా వచ్చాక అమెరికా నంబర్ తీసుకుంటాను. పాత చాట్లు ఉంటాయా?

జాగ్రత్త పడితే ఉంటాయి. మా పిన్ని కూతురు ఫోన్ హ్యాంగ్ అవుతోందని రిపేర్ షాపులో ఇస్తే, అడగకుండా మొత్తం చెరిపేసి ఇచ్చారు. రెండేళ్ల చాట్, మా బావ పంపిన వాయిస్ మెసేజ్‌లతో సహా పోయింది. బ్యాకప్ లేదు. ఆ రోజు తను ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. అందుకే చెబుతున్నాను, ఫోన్ మార్చడానికి ముందు రోజు బ్యాకప్ తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు మీ గూగుల్ ఖాతాలోని 15 జీబీలోంచే పోతుంది. అది నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది, కాబట్టి ఒకసారి చూసుకోండి. నంబర్ మారినప్పుడు కొత్త నంబర్‌తో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లోని ‘ఛేంజ్ నంబర్’ వాడితే చాట్లు అలాగే ఉంటాయి. ఇద్దరిలో ఎవరైనా డిసపియరింగ్ మెసేజెస్ (కొన్నాళ్లకు మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్) ఆన్ చేశారేమో చూసి ఆపేయండి.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డే ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో, ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 దరఖాస్తు వేస్తూ రుజువులు మళ్లీ చూపించాలి. కాబట్టి ఈ ఫోల్డర్‌ను వీసా వచ్చాక చెరిపేయకండి. అక్కడి అద్దె అగ్రిమెంట్, ఇద్దరి పేరున వచ్చే బిల్లులు వచ్చిన రోజే అందులో వేస్తూ ఉండండి, ఒక కాపీ ఇక్కడ అమ్మానాన్నల కంప్యూటర్‌లో కూడా ఉంచండి.