రోజుకో కొత్త మోసం వస్తోంది, నాన్నగారికి ఏమని చెప్పాలి?

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి ఒక మోసం గురించి చెప్పేలోపు ఇంకోటి పుట్టుకొస్తోంది, అన్నీ కవర్ చేసే లిస్టు ఏదన్నా ఉందా అని అడిగారు. లిస్టులు ఇవ్వొచ్చండీ, కానీ వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కొన్నేళ్లు ఒక బ్యాంకు తరఫున ఫ్రాడ్ కంప్లైంట్ కాల్స్ తీసుకునే డెస్క్‌లో పనిచేశాను. డబ్బు పోగొట్టుకుని ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి ఓటీపీ చెప్పకూడదని తెలుసు, తెలియని లింకు నొక్కకూడదని తెలుసు, కొందరైతే అంతకు ముందే ఫ్యామిలీ గ్రూపులో "జాగ్రత్త" అని ఫార్వర్డ్ చేసినవాళ్లే. తెలిసినా ఎందుకు పోయిందంటే ఆ టైంలో వాళ్లని ఆలోచించుకోనివ్వలేదు, అంతే.

కథలు మారుతూ ఉంటాయి. పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, సిమ్ ఆగిపోతుంది, అకౌంట్ బ్లాక్ అవుతుంది, మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, ట్యాక్స్ రీఫండ్ వచ్చింది, ఇలా ఏదైనా కావొచ్చు. కానీ బాధితులు జరిగింది చెప్తుంటే మధ్యలో రెండు మాటలు మాత్రం కచ్చితంగా తగిలేవి: "లైన్‌లోనే ఉండండి, పెట్టేయకండి" ఒకటి, "ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" రెండోది. పోలీసు వేషమైతే చెప్తే కేసు దెబ్బతింటుంది అంటారు, పెట్టుబడి స్కీమైతే గ్రూపులో సీట్లు తక్కువ, బయట మాట్లాడితే తీసేస్తాం అంటారు. ఇంకో రకం కూడా విన్నాను, బ్యాంకులో ఎవరన్నా అడిగితే బంధువుకి పంపుతున్నా అని చెప్పండి, ఇల్లు కొంటున్నా అని చెప్పండి అని ముందే డైలాగులు నేర్పించి పంపుతారు. మీ బ్యాంకు వాళ్లకి మీరేం చెప్పాలో ఇంకెవరో నేర్పిస్తున్నారంటే అక్కడితో కథ అయిపోయినట్టే, వాడు దొంగ, ఇక వేరే రుజువు అక్కర్లేదు.

అందుకని నాన్నగారికి నేనైతే ఒకే పని అలవాటు చేయిస్తాను. డబ్బు మాట, కేసు మాట, అకౌంట్ మాట వచ్చిన ఏ కాల్ అయినా సరే కట్ చేసేయడం, ఇంట్లో ఒకరికి చెప్పడం, ఆ తర్వాత మనమే ఆ ఆఫీసుకి ఫోన్ చేయడం. కాల్ చేసినవాడు ఇచ్చిన నంబర్‌కి మాత్రం వద్దు. స్క్రీన్ మీద బ్యాంకు పేరే కనిపించినా నమ్మడానికి లేదు, వేరే వాళ్ల నంబర్ కనపడేలా చేయడం వాళ్లకి కష్టమేం కాదు. నెట్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి పైన కనిపించిన నంబర్‌కి కొట్టడం కూడా వద్దు, దొంగ నంబర్లు యాడ్స్‌గా పెట్టి అక్కడే కాచుక్కూర్చుంటారు. కార్డు వెనక ఉన్న నంబర్, లేదా బ్యాంకు సొంత యాప్‌లో ఉన్న నంబర్, ఈ రెండే. కట్ చేస్తే మర్యాదగా ఉండదేమో అని మొహమాటపడే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, నిజమైన ఆఫీసర్ అయితే ఏమీ అనుకోడని వాళ్లకి విడిగా చెప్పాలి.

చదువుకున్నవాళ్లకి ఇవి జరగవు అనుకుంటారు గానీ, 2024 మొదట్లో బయటపడిన హాంకాంగ్ సంగతి చూడండి. ఆరప్ అనే పెద్ద ఇంజినీరింగ్ కంపెనీలో ఫైనాన్స్ ఉద్యోగికి రహస్యంగా డబ్బు పంపాలని మెయిల్ వచ్చింది, అతనికి ముందు డౌటే వచ్చింది. తర్వాత వీడియో కాల్‌లో కంపెనీ సీఎఫ్‌ఓ (అంటే డబ్బు వ్యవహారాలు చూసే పెద్ద అధికారి), తోటి ఉద్యోగులు కనిపించేసరికి డౌట్ పోయింది. ఆ కాల్‌లో అతను తప్ప అందరూ డీప్‌ఫేక్‌లే, అంటే కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ మొహాలు, గొంతులు. 15 సార్లుగా దాదాపు 2.5 కోట్ల అమెరికన్ డాలర్లు వెళ్లిపోయాయి. చూడండి, అనుమానం రావడం దగ్గర అతను కరెక్టే, ఆ అనుమానం తీర్చుకోవడానికి దొంగలు ఏర్పాటు చేసిన కాల్‌నే వాడుకున్నాడు. అదే ఏడాది ఫెరారీలో ఒక ఎగ్జిక్యూటివ్‌కి అచ్చం సీఈఓ గొంతుతో కాల్ వస్తే ఆయన తెలివిగా, మొన్న మీరు నాకు చదవమని చెప్పిన పుస్తకం పేరేంటి అని అడిగాడు, అవతలివాడు టక్కున ఫోన్ పెట్టేశాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటి ప్రశ్న ఒకటి అనుకుని పెట్టుకోండి, సోషల్ మీడియాలో ఎక్కడా దొరకనిది. మా పెద్దమ్మ దగ్గర మేము ఇదే పెట్టాం, మనవడి గొంతుతో ఎవరు డబ్బడిగినా ఆవిడ ముందు ఆ ప్రశ్నే వేస్తుంది (మామూలు కాల్స్‌కి కూడా వేస్తోంది, అది వేరే సంగతి).

ఇక ఫోన్‌లో జరిగే వాటి గురించి. ఓటీపీ మెసేజ్‌లో జనం అంకెలు మాత్రమే చూస్తారు, చాలా బ్యాంకుల మెసేజ్‌లో ఎంత మొత్తం, ఎవరికి వెళ్తోంది అని కూడా ఉంటుంది. రీఫండ్ కోసం అని నమ్మి కోడ్ చదివి చెప్పేసినవాళ్లతో మెసేజ్ మొత్తం ఒకసారి చదవండి అంటే అప్పుడు ఫోన్‌లో ఒక్కసారిగా నిశ్శబ్దం, అందులో పేమెంట్ అని రాసే ఉంటుంది మరి. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఉండదు, పిన్ అడిగిందంటే డబ్బు పోతోందనే. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా, ఎనీడెస్క్ లాంటిది పెట్టుకోమన్నా ఒప్పుకోవద్దు. ఆ యాప్‌లు మంచివే, కంపెనీల్లో రోజూ వాడతారు, కానీ అవి ఆన్ చేసి ఉంటే మీకు వచ్చే ఓటీపీ అవతలివాడు కూడా చూస్తాడు, మీరు నోరు తెరిచి చెప్పాల్సిన పనే లేదు. ఇంకోటి, ఉన్నట్టుండి సిగ్నల్ మొత్తం పోయి గంటలు గడిచినా రాకపోతే నెట్‌వర్క్ ప్రాబ్లం అని ఊరుకోకుండా వేరే ఫోన్ నుంచి ఆపరేటర్‌కి కాల్ చేయండి, మీ నంబర్‌తో ఇంకెవరో సిమ్ తీసుకుని ఉండొచ్చు.

పెట్టుబడి మోసాలకి మాత్రం తొందరపెట్టడం కనిపించదు, అవి నిదానంగా నడుస్తాయి, అందుకే అవి నాకు ఎక్కువ భయం. ముందు స్నేహం, తర్వాత టిప్స్, తర్వాత ఒక యాప్. ఆ యాప్‌లో కనిపించే లాభం వాళ్లు టైప్ చేసిన అంకె. కొంచెం డబ్బు వెనక్కి తీసుకోనిస్తారు కూడా, నేను విత్‌డ్రా చేసి చూశాను సార్ వచ్చింది అని ఎంతమంది చెప్పారో. అది ఎర. పెద్ద మొత్తం తీయబోయేసరికి ముందు ట్యాక్స్ కట్టండి, ఫీజు కట్టండి అని మొదలవుతుంది. పాత కస్టమర్‌కి డబ్బు తిరిగొచ్చిందంటే స్కీము నిజమని కాదు, 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం అంటూ కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకి ఇచ్చే కదా అంత పేరు తెచ్చుకుంది. 2008 డిసెంబర్‌లో అరెస్టయిన న్యూయార్క్ పెట్టుబడుల వ్యాపారి బెర్నార్డ్ మేడాఫ్ ఇంకా ముదురు, అతను నమ్మలేనంత లాభాలేం చూపించలేదు, మార్కెట్ పడినా లేచినా ఏళ్ల తరబడి ఒకేలా మెల్లగా లాభం చూపించాడు. ఆ నిలకడ అసాధ్యమని హ్యారీ మార్కోపోలస్ అనే ఆయన లెక్కలు వేసి అమెరికా మార్కెట్ రెగ్యులేటర్‌కి 2000 నుంచీ చెప్తూనే ఉన్నాడు, వినలేదు. కాబట్టి ఎక్కువ లాభం చెప్తేనే మోసం అనుకోవద్దు, ఎప్పుడూ నష్టమే రాదు అన్నా మోసమే. నమ్మకస్తుడైన ఫ్రెండ్ చెప్పాడు అన్నది కూడా లెక్కలోకి రాదు, అతనికీ ఇంకా బోర్డు తిప్పేయలేదు కాబట్టి నిజాయితీగానే చెప్తుంటాడు.

నా వరకు నేను చేసుకున్నవి కొన్నే. ఫోన్‌లో పేమెంట్లకి లింక్ అయిన అకౌంట్‌లో ఖర్చులకి సరిపడా మాత్రమే ఉంచుతాను, దాచుకున్నది వేరే అకౌంట్, దానికి ఫోన్‌లో యాప్ కూడా లేదు. రోజువారీ లిమిట్ బాగా తగ్గించి పెట్టాను, విసుగే, ఏదన్నా పెద్ద పేమెంట్ ఉన్నప్పుడు పెంచుకోవాలి, కానీ ఆ విసుగు దొంగకీ ఉంటుంది కదా. మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం ఇంకెక్కడా వాడను, మెయిల్ చేతిలోకి వస్తే మిగతా చాలా పాస్‌వర్డ్‌లు మార్చేయొచ్చు.

డబ్బు పోయాక ఏం చేయాలన్నది కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. డబ్బు ఒక అకౌంట్‌లో ఆగదు, వేరేవాళ్ల పేర్ల మీదున్న అకౌంట్లలోంచి తిరిగి తిరిగి చివరికి నగదుగానో క్రిప్టోగానో వెళ్లిపోతుంది, దారిలో ఉండగానే పట్టుకోవాలి. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి ఆపమనాలి, కంప్లైంట్ నంబర్ రాసుకోవాలి, ఆ వెంటనే సైబర్ పోలీసులకి. చాట్‌లు కోపంతో డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు, ట్రాన్సాక్షన్ ఐడీలు అన్నీ కావాలి. అదే క్రెడిట్ కార్డు మీద జరిగితే డిస్ప్యూట్ వేయండి, అంటే ఆ పేమెంట్ ఒప్పుకోనని బ్యాంకుకి ఫిర్యాదు ఇవ్వండి, మనమే చేతులారా పంపిన ట్రాన్స్‌ఫర్ కంటే దాంట్లో వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ. మా డెస్క్‌కి లేటుగా వచ్చిన కాల్స్‌లో చాలావరకు కారణం ఒకటే, ఇంట్లో తిడతారని భయం. ఒక రిటైర్డ్ టీచర్ గారు కొడుకుకి తెలియకూడదని వారాల తరబడి దాచి ఫోన్ చేశారు, అప్పటికి అవతలి అకౌంట్‌లో ఏమీ లేదు. ఆయన నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా గొంతు తగ్గించే మాట్లాడారు. కాబట్టి మీ నాన్నగారితో ముందే చెప్పండి, ఏం జరిగినా మేం ఒక్క మాట అనం, వెంటనే చెప్పు చాలు అని.

ఒకసారి డబ్బు పోయినవాళ్ల దగ్గరికి రెండోవాడు వస్తాడు, లాయర్‌నంటాడు, హ్యాకర్‌నంటాడు, పోలీసునంటాడు, మీ డబ్బు దొరికింది, రిలీజ్ చేయడానికి కొంత ఫీజు కట్టండి అంటాడు. చాలాసార్లు అది ఆ ముఠానే, లేదా వాళ్ల దగ్గర బాధితుల లిస్టు కొన్నవాళ్లు. ఎంత పోయిందో, ఏ రోజు పోయిందో కరెక్టుగా చెప్తాడు కాబట్టి జనం నమ్ముతారు. డబ్బు వెనక్కి ఇప్పించడానికి ముందు డబ్బు అడిగారంటే ఆ కాల్ కూడా కట్ చేసేయమనండి, ఆ నంబర్‌ని ఇంతకు ముందు ఇచ్చిన కంప్లైంట్‌లోనే కలిపించండి.