నిలబడితే తలనొప్పి, సీటీ నార్మల్: ఇంకేం చూడాలి?

మీ చెల్లికి లేచి నిలబడగానే తలనొప్పి వస్తోందని, పడుకుంటే తగ్గుతోందని, సీటీ నార్మల్ రావడంతో మైగ్రేన్ మాత్రలు ఇచ్చారని రాశారు. మాత్రలు పనిచేయట్లేదు కాబట్టి న్యూరాలజిస్టుని ఒక మాట అడగండి: మెదడు, వెన్ను చుట్టూ ఉండే ద్రవం ఎక్కడైనా లీకవుతోందా అని. అరుదైనదే, కానీ దీన్ని మైగ్రేన్ అనుకోవడం మామూలే.

సాదా సీటీలో ఇది చాలాసార్లు దొరకదు. కాంట్రాస్ట్‌తో (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు) బ్రెయిన్ ఎమ్మారై తీస్తే మెదడు చుట్టూ ఉన్న పొర నునుపుగా, తెల్లగా వెలుగుతూ కనిపించవచ్చు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఉబ్బినట్టు, మెదడు కాస్త కిందికి జారినట్టు కూడా ఉంటుంది. కొందరిలో అదీ నార్మల్‌గానే వస్తుంది; అప్పుడు వెన్ను ఎమ్మారై, అవసరమైతే మైలోగ్రామ్ (వెన్ను ద్రవంలోకి కాంట్రాస్ట్ ఎక్కించి తీసే స్కాన్).

స్కాన్ చీటీలో ఉత్త 'తలనొప్పి' అని రాస్తే ఒప్పుకోకండి. 'నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ' అని రాయించండి. రేడియాలజిస్టు ఆ గుర్తుల కోసం ప్రత్యేకంగా వెతుకుతారు; నన్నడిగితే సగం పని ఇక్కడే అయిపోతుంది. కిడ్నీ సమస్య, గర్భం ఉంటే కాంట్రాస్ట్‌కి ముందే చెప్పాలి.

లీక్ అని తేలితే, ఆమె రక్తమే కొంచెం తీసి వెన్నులో ఎక్కించే బ్లడ్ ప్యాచ్‌తో చాలామందికి తగ్గుతుంది. ఈలోగా మత్తుగా ఉన్నా, నొప్పి తీరు మారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.